చేతిలో ఒక్క టేపూ లేని కొత్తవాణ్ణి డెడ్‌హెడ్స్ ఎలా కలుపుకునేవారు?

రికార్డుపిచ్చి:
అమెరికా బ్యాండు గ్రేట్‌ఫుల్ డెడ్ అభిమానులు, అదే డెడ్‌హెడ్స్, కచేరీ టేపులను పైసా పుచ్చుకోకుండా మార్చుకునేవారట. మార్చుకోవాలంటే ముందు మన దగ్గర ఒకటైనా ఉండాలి కదా? ఏమీ లేనివాణ్ణి ఎవరు రానిచ్చేవారు? పైగా కాపీకి కాపీ తీస్తూ పోతే చివరికి మిగిలేది బుస్సుమనే చప్పుడేగా?

సైడ్_బి:
అలాంటివాళ్ల కోసమే ‘బ్లాంక్స్ అండ్ పోస్టేజ్’. ఖాళీ క్యాసెట్లు, సొంత చిరునామా రాసి స్టాంపులంటించిన తిరుగు కవరు పంపితే సరిపోయేది, టేపున్నవాళ్లు కాపీ తీసి పంపేవారు. కచేరీకి మామూలుగా 90 నిమిషాలవి రెండు. 120వి పంపకూడదు. అందులో టేపు పల్చన, సాగుతుంది, డెక్కులో చుట్టుకుంటుంది. గట్టి ప్లాస్టిక్ డబ్బాలు తీసేసి పంపాలి, దారిలో ఎలాగూ పగులుతాయి, బరువుకు స్టాంపులు దండగ.

కాపీ తీసేటప్పుడు డెక్కులో బుస్సు తగ్గించే డాల్బీ ఆపెయ్యాలి. ఒకరు వేసి మరొకరు వెయ్యకపోతే నాలుగు చేతులు మారేసరికి ట్రెబుల్ (సన్నని స్వరాలు) చెడిపోతుంది. అట్ట మీద తేదీ, ఊరు, హాలుతో పాటు సౌండ్‌బోర్డు (స్టేజీ మైకుల శబ్దాలన్నీ కలిపే బల్ల) నుంచి తీసిందా, జనంలో మైకు పెట్టి తీసిందా, ఎన్నో తరం కాపీ అన్నదీ రాయాలి. తరం దాచినవాడికి మళ్లీ ఎవరూ టేపు ఇచ్చేవారు కాదు. రంగుల టై-డై చొక్కా ఎవడైనా కొనుక్కోవచ్చు, నమ్మకస్తుడన్న పేరు మాత్రం కొంటే రాదు.

వేరు_కొమ్మ:
బుస్సు సంగతికి మందు ‘టేప్ ట్రీ’. ఒకరు అయిదుగురికి, ఆ అయిదుగురు తలా అయిదుగురికి. మూడో అంచెకి 125 మంది, అయినా అందరిదీ మూడో తరమే. అదే ఒకరి తర్వాత ఒకరు వరసగా తీస్తే చివరివాడికి 125వ తరం. చిక్కల్లా పైఅంచె కొమ్మ ఒకటి బద్ధకిస్తే, దాని కింది 30 మందికీ ఏమీ రాదు. అందుకే పైఅంచెలో నమ్మకస్తుల్ని, కొత్తవాళ్లని చివర ఆకుల్లో పెట్టేవారు.

మైకుస్టాండు:
అంతా ధర్మసత్రమేం కాదండీ. మంచి సౌండ్‌బోర్డు టేపులు కొందరి గుప్పిట్లోనే ఉండేవి. బ్యాండు సౌండ్ ఇంజనీరు బెట్టీ కాంటర్-జాక్సన్ తీసిన రీళ్లలో చాలావరకు గోదాం అద్దె బకాయికి 1986లో వేలం వేశాక గానీ బయటపడలేదు.

బ్యాండు కూడా ఊరికే కళ్లు మూసుకోలేదు. మైకుస్టాండ్లు అడ్డొచ్చి సౌండ్ ఇంజనీరుకే స్టేజీ కనబడని పరిస్థితి వచ్చాక, 1984 అక్టోబరులో సౌండ్‌బోర్డు వెనక టేపర్లకు (కచేరీ రికార్డు చేసుకునే అభిమానులకు) విడిగా చోటిచ్చి, వేరే టికెట్లు పెట్టారు.

రికార్డుపిచ్చి:
టేపుల మీద ఆసక్తి లేనివాళ్లకో? మందు, మత్తు ముట్టనివాళ్లు ఆ గుంపులో ఎలా నెగ్గుకొచ్చేవారు?

వేరు_కొమ్మ:
వాళ్లకి ‘వార్ఫ్ ర్యాట్స్’ అని, మందు, మత్తు మానేసిన డెడ్‌హెడ్స్ గుంపు ఉండేది. హాల్లో పసుపు బెలూన్లు కట్టిన బల్ల ఎక్కడుందో చూసుకోవాలి. కచేరీలో రెండు సెట్ల (భాగాల) మధ్య విరామంలో అక్కడే కూడేవారు. మానేసి ఎన్నాళ్లయిందని ఎవరూ లెక్క అడిగేవారు కాదు, రెండో సెట్ మొదలయ్యేలోపు ముగించేసేవారు.