పెద్దవాళ్లకు నాడి చూడాలా, ఊపిరి లెక్కపెట్టాలా?

నాగావళి ఒడ్డు: మా నాన్నగారికి 79, ఆమదాలవలసలో ఉంటారు. గుండె లయ, ఊపిరి వేగం చూపించే వాచీ కొందామనుకుంటున్నా. వీటితో ప్రాణానికి ముప్పు ముందే తెలుస్తుందా?

బొబ్బిలి బాబు: కొనండి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చి నాడి లయ తప్పితే పక్షవాతం ముప్పు దాదాపు ఐదు రెట్లు, చాలామందికి దడ కూడా తెలీదు. ఊపిరిదేముంది, మెట్లెక్కితే ఎవరికైనా పెరుగుతుంది.

కవిటి కొబ్బరితోట: మెట్లెక్కినప్పుడు ఎవరు లెక్కపెట్టమన్నారండీ? 2019లో వచ్చిన పరిశోధనలో రాత్రి నిద్రలో ఊపిరి నిమిషానికి 16, ఆపైన ఉన్న వృద్ధుల్లో మరణాలు ఎక్కువని తేలింది. నిమోనియా ఎంత తీవ్రంగా ఉందో చూడ్డానికి డాక్టర్లు వాడే కర్బ్-65 స్కోరులో ఊపిరి 30కి చేరితే ఒక పాయింటు, నాడికి అసలు పాయింటే లేదు. మా అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు వార్డులో ప్రతి మంచం చీటీ మీదా ఊపిరి 20 అనే రాసుంది, కాళ్లు వాచి, పడుకోలేక దిండుకి ఆనుకుని ఎగశ్వాస తీస్తున్న మా అమ్మకీ అదే 20.

బొబ్బిలి బాబు: అది రాసినవాళ్ల తప్పు. మామూలుగా 12 నుంచి 20 వరకు ఉంటుంది కదా, 17 ఉన్నవాళ్లంతా పోతారా?

పైడితల్లి జాతర: మా తాతగారికి లయ తప్పిందని ఎప్పుడో చెప్పారు, ఇప్పటికీ సిరిమాను చూడ్డానికి ముందే వెళ్లి నిలబడతారు.

కవిటి కొబ్బరితోట: పోతారని ఎవరన్నారు? వందల మందిని కలిపి చూస్తే తేలేది ఒక్కరి జాతకం కాదు. మీలాంటివాళ్లు హైదరాబాద్‌లో కూర్చుని ఫోన్లో అంకెలు చూస్తారు, ఇక్కడ రాత్రిళ్లు లేపి కూర్చోబెట్టేది మేం.

బొబ్బిలి బాబు: హైదరాబాద్‌లోనే ఉన్నా, అయితే ఏటి? వాచీ మోగబట్టే మా అమ్మను టైముకి వైజాగ్ తీసుకెళ్లాం, రక్తం పలచబడే మాత్రలు మొదలెట్టారు. పక్కనే ఉండి మీరేం చేశారు?

కవిటి కొబ్బరితోట: ఉద్దానం కిడ్నీ జబ్బండీ. డయాలసిస్‌కి తిప్పాను. ఆఖర్లో ఊపిరి పెరిగి, తగ్గి, కాసేపు ఆగి మళ్లీ మొదలయ్యేది. అన్నయ్య ఫోన్లో వైజాగ్ తీసుకెళ్లమనే అన్నాడు. అమ్మ వద్దంది, తీసుకెళ్లలేదు. అప్పట్నుంచి నాతో మాటల్లేవు.

బొబ్బిలి బాబు: బాధగానే ఉంది. కానీ నేనైతే తీసుకెళ్లేవాణ్ణే.

కవిటి కొబ్బరితోట: అమ్మ వద్దన్నా?

నాగావళి ఒడ్డు: నాన్నగారు వాచీ పెట్టుకోనంటున్నారు. చేత్తో ఎలా లెక్కపెట్టాలి?

కవిటి కొబ్బరితోట: చెప్పి లెక్కపెడితే ఊపిరి మారిపోతుంది. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, కడుపు మీద కండువా లేచి దిగడం నిమిషంపాటు చూడండి. నాడి కూడా సమానంగా కొట్టుకుంటోందో లేదో అప్పుడే తెలుస్తుంది. బాగున్న రోజు అంకె రాసిపెట్టుకోండి, కూర్చుని ఉన్నా దానికంటే బాగా పెరిగి తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లండి.