మనం తెచ్చిన చేపలు వండిపెట్టే హోటల్ శ్రీకాకుళంలో ఉందా?

హైదరాబాద్ నుంచి చుట్టాలు 12 మంది దిగుతున్నారు. ఆదివారం అరసవల్లి దర్శనం, ఆ రోజు నీచు ఊసే లేదు. సోమవారం పొద్దున్నే కళింగపట్నం వెళ్లి వంజరం, రొయ్యలు కొనుక్కొస్తాం. జూన్ 14తో వేట నిషేధం అయిపోయింది, సరుకుకు లోటుండదు. వండించేదెక్కడ అన్నదే టెన్షన్. మా ఇంటి ఓనర్లు గుడ్డు కూడా ఉడకనివ్వరు.

ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల హోటళ్లలో అడిగాను. "బయటి సరుకు ముట్టుకోం, ఎవరికైనా కడుపులో తేడా చేస్తే మా పీకకు చుట్టుకుంటుంది" అన్నారు. అదీ నిజమే అనుకోండి. హైవే మీద ఒక దాబా ఒప్పుకుంది గానీ నూనె విడిగా, మసాలా విడిగా, కూలి విడిగా, పైగా అన్నం ప్లేటు లెక్కన. కలిపి చూస్తే చేపల ఖరీదు దాటిపోయింది. కేటరింగ్ వాళ్లు 50 మందికి తక్కువైతే రామన్నారు.

5 కేజీల వంజరంలో సగం వేపుడు, సగం చింతపండు పులుసు. 2 కేజీల రొయ్యల ఇగురు. మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనం. పెద్దవాళ్లున్నారు, కుర్చీలు తప్పనిసరి. గార, శ్రీకూర్మం వైపైనా పర్వాలేదు.

కేజీకి ఇంత అని కూలి తీసుకుని, మనం తెచ్చినవి వండి అక్కడే వడ్డించే మెస్ గానీ హోటల్ గానీ మీకు తెలిసి ఎక్కడుంది?