సమస్య: వరుస నిలిచి యయ్యె వంశకర్త

నిర్వాహకుడు: ఆటవెలదిలో పూరించండి. క్యూల సిద్ధాంతం (వరుసలో నిరీక్షణ లెక్క), శాఖీయ ప్రక్రియ (ఒక్కొక్కరికి యాదృచ్ఛికంగా ఇందరు బిడ్డలు పుడుతూ వంశం సాగే లెక్క) రెండూ పద్యంలో కలవాలి. ఇంటిపేర్లు అంతరించే తీరును గాల్టన్, వాట్సన్ 1874లో లెక్కగట్టారు. అదే లెక్క క్యూలోనూ ఉంది. "వరుస"కు క్యూ, బంధుత్వం అని రెండర్థాలున్నాయి, మీ ఇష్టం.

లఘువు:
ఒకఁడు వచ్చి నిలువ నొంటిగా సేవకు,
వాని పనికిఁ బట్టు వ్యవధిలోన
వచ్చువారు సుతులు, వారితో మొదలుగా
వరుస నిలిచి యయ్యె వంశకర్త.

పాతచీటీ: భలే! క్యూను వంశంగా చూసే నిర్వచనమంతా మూడు పాదాల్లో పట్టేసింది. వా–వ్య యతి కూడా సరిపోయింది. వంశం అంతరించిందంటే కౌంటర్ ఖాళీ అయినట్టే. ఒకే నిడివి సేవ, పాయిజాన్ రాకలు (ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, ఒకే సగటు వేగంతో వచ్చేవి) ఉంటే, ఖాళీ అయ్యేలోపు ఎందరికి పని జరిగిందో, ఏ సంఖ్యకు ఎంత సంభావ్యతో చెప్పేది ఫ్రెంచ్ గణితజ్ఞుడు బొరెల్ పేరిట ఉన్న బొరెల్ విభాజనం. ఆయన 1942లో కౌంటర్ దగ్గర నిరీక్షణ లెక్కలోనే దాన్ని రాబట్టాడు.

సుడిగాలి:
సగటు బిడ్డ యొకఁడె, సాగును నిత్యము,
తగ్గ దెప్పు డదియుఁ దరుగు లేదు;
ముందువాఁడు పోవ మునిమనుమఁడు నిల్చె,
వరుస నిలిచి యయ్యె వంశకర్త.

పాతచీటీ: మూడో పాదం బాగుంది. రెండో పాదంలో "తగ్గదు", "తరుగు లేదు" ఒకటే మాట, గణాల కోసం నింపినట్టుంది. అసలు తప్పు మొదటి పాదంలో ఉంది తమ్ముడూ. సగటు 1 అయినా వంశం ఆగి తీరుతుంది. (అందరికీ కచ్చితంగా ఒక్కడే పుట్టే మొండి కేసు వదిలెయ్.) సగటు 0.9 అనుకో: మొదటివాడు 1, పిల్లలు 0.9, మనుమలు 0.81... కూడుకుంటూ పోతే 10. 0.99 అయితే 100. 1 దగ్గర ఆ కూడిక ఆగదు, వంశం మాత్రం ఆగుతుంది. 1 దాటాకే వంశం ఎప్పటికీ నిలిచే అవకాశం పుడుతుంది.

సుడిగాలి: అయ్యో, కూడిక ఆగకపోవడం, వంశం ఆగకపోవడం ఒకటే అనుకున్నా అన్నా. మార్చాను:
సగటు బిడ్డ యొకఁడె, సమయును దప్పక;
ఎపుడొ యనిన సగటు కెల్ల లేదు;
మిగతాది అంతే.

పాతచీటీ: "సగటు కెల్ల లేదు"కు నా ఓటు. మొదటి పూరణ కంటే ఇదే నాకు నచ్చింది, లఘువు గారు ఏమీ అనుకోకూడదు.

తేటనీరు:
కడను వచ్చువానిఁ గాంచిన మొదటను
మొదటినుండి కడకు మొత్త మంతె;
వరుస మారెఁ గాని వంశము మారదు,
వరుస నిలిచి యయ్యె వంశకర్త.

లఘువు: చివర వచ్చినవాడిని ముందు పంపినా కౌంటర్ ఖాళీ అయ్యే క్షణం అదే, నిజమే. కానీ "వంశము మారదు" అంటే ఎలా? ఎవరి సేవ సమయంలో ఎవరు వచ్చారో మారితే, ఎవరు ఎవరి బిడ్డో కూడా మారుతుంది కదా. మారనిది తలల లెక్క.

తేటనీరు: ఆ లెక్కే రెండో పాదంలో చెప్పానండీ. "వరుస మారెఁ గాని" తీసేస్తే పద్యంలో నాకిక మిగిలేదేముంది? మార్చను.

లఘువు: సరే, ఉంచండి. నేనైనా తీయలేను.