రోబోటిక్ సర్జరీ కేసు అయ్యేసరికి మెడ పట్టేస్తోంది, తల మొద్దుబారుతోంది. ఏం చేయాలి?

యూరో సర్జన్: ఇప్పుడే ప్రోస్టేట్ కేసు ముగించి వచ్చాను. మెడ తిరగడం లేదు, కుడి భుజం లాగేస్తోంది. చివర్లో కుట్లు వేసేటప్పుడు చిన్న విషయం తేల్చుకోవడానికీ ఆలస్యమైంది. కూర్చుని చేసేదే కదా, హాయి అంటారు అందరూ. గంటలకొద్దీ సెట్టింగులు మార్చి చూశాను, ఏదీ కుదరలేదు. రేపు మళ్లీ కేసు. దారి చెప్పండి.

రోబో పాతకాపు: ఏ కన్సోల్ (సర్జన్ కూర్చుని రోబోను నడిపే యంత్రం)? తల లోపల పెట్టి చూసేదా, ఎదురుగా తెర ఉండేదా?

ఓటీ సిస్టర్: మెడ సంగతి సరే సార్, తల మొద్దుబారడాన్ని ఎవరూ పట్టించుకోరు. తల కన్సోల్‌లో పెట్టాక టేబుల్ దగ్గర ఏం జరుగుతోందో మీకు కనబడదు. సక్షన్ (రక్తం, ద్రవాలు పీల్చే గొట్టం) అడిగితే ఎవరూ పలకకపోతే, విన్నారో లేదో అన్న బెంగ ఒకటి. అడిగినదాన్ని అసిస్టెంట్ తిరిగి చెప్పాలి: "సక్షన్ వస్తోంది", "సూది బయటికి వచ్చింది". పైగా చాలా రోబోలలో చేతికి స్పర్శ తెలియదు, దారం ఎంత బిగిసిందో కంటితోనే అంచనా కట్టాలి. చేతుల పని కూడా కళ్లే చేస్తుంటే మెదడు అలిసిపోదా?

ఫిజియో: నొప్పి వేరు, అలసట వేరు మేడమ్. కలిపేస్తే రెండూ తగ్గవు. సర్జన్ల కోసమే 2011లో సర్జ్-టీఎల్ఎక్స్ అనే కొలమానం వచ్చింది. మానసిక భారం, శారీరక భారం, సమయం ఒత్తిడి, పని క్లిష్టత, పరిస్థితి తెచ్చే ఆందోళన, ధ్యాస చెదరడం అని ఆరింటినీ విడివిడిగా చూస్తుంది. ముందు అది నింపండి.

ఓటీ సిస్టర్: రేపే కేసు ఉన్నాయనకు ఫారం దేనికండీ? మెడ నొప్పి పుడితే ధ్యాస దాని మీదికే పోతుంది. రెండూ వేరెలా అవుతాయి?

సీనియర్ గైనిక్ సర్జన్: డాక్టర్ గారూ, సర్దుకోవడానికి ఒక వరస ఉంది. ముందు కుర్చీ: పాదాలు పెడల్స్ మీద తేలిగ్గా ఆనాలి. తర్వాత వ్యూయర్ (తల పెట్టి చూసే భాగం) ఎత్తు, వాలు: మెడ బాగా వంగకూడదు. ఆఖరున ఆర్మ్ రెస్ట్: భుజాలు పైకి లేవకూడదు.

మీ కుడి భుజం నొప్పికి కారణం క్లచ్ (నొక్కితే లోపలి పరికరాలు కదలకుండా మన చేతులు మాత్రమే జరిగేలా చేసేది) వాడకపోవడమే కావచ్చు. పనిలో పడితే చేతులు పక్కకు జరిగి మోచేతులు గాల్లో ఉండిపోతాయి. క్లచ్ నొక్కి చేతుల్ని మళ్లీ మధ్యకు తెచ్చుకోవాలి, కేసు పొడుగునా. ఇరవై నుంచి నలభై నిమిషాలకోసారి ఒకటిన్నర, రెండు నిమిషాలు తల బయటికి తీసి మెడ, భుజాలు కదపండి. అప్పుడు పరికరాలు కెమెరాకు కనబడుతూ ఉండాలి, కణజాలాన్ని లాగి పట్టుకుని ఉండకూడదు. గడియారం చూసే బాధ్యత సిస్టర్‌కు అప్పగించండి, మీకు గుర్తుండదు.

యూరో సర్జన్: తల లోపల పెట్టేదే. నాకు ప్రోగ్రెసివ్ కళ్లద్దాలున్నాయి, దానికీ సంబంధం ఉందా?

రోబో పాతకాపు: ఉంది. మొదట చెప్పాల్సిందే అది. స్పష్టంగా కనబడే చోటు కోసం గడ్డం ఎత్తుతూ దించుతూ ఉంటారు. కన్సోల్‌కు ఒకే పవర్ అద్దాలు విడిగా చేయించుకోండి.

ఫిజియో: తెర ఎదురుగా ఉండే కన్సోల్ అయితే మెడకు ఈ బాధే ఉండదు.

రోబో పాతకాపు: ఉంటుంది. తెర ఎత్తు సరిగ్గా లేకపోతే అక్కడా మెడ పడుతుంది.

యూరో సర్జన్: థాంక్స్ అందరికీ. అద్దాలకు టైమ్ పడుతుంది. రేపటికి క్లచ్, విరామం.

కొత్త సభ్యుడు: మా కన్సోల్ మీద నలుగురం మార్చి మార్చి కూర్చుంటాం. ఎవరి సెట్టింగులు వారికి సేవ్ చేసినా మళ్లీ పాతవే వస్తున్నాయి. ఎందుకో ఎవరికైనా తెలుసా?