‘స్ప్లిట్ టికెట్’ను ‘క్రాస్ ఓటింగ్’ అనవచ్చా?

అమెరికాలో ఒకే రోజున అధ్యక్ష పదవికి ఒక పార్టీకి, ప్రతినిధుల సభకు మరో పార్టీకి ఓటు వేయడాన్ని ‘స్ప్లిట్ టికెట్ ఓటింగ్’ అంటారు. దీనిని తెలుగులో ఏమనాలని నిన్న మన బృందంలో ఒక సభ్యురాలు అడిగితే, ‘క్రాస్ ఓటింగ్’ అనే మాట ఉండనే ఉంది కదా అని కొందరు మిత్రులు బదులిచ్చారు. పత్రికలలో ఆ మాట స్థిరపడిపోయిందని నాకూ తెలుసు. అయినా ఇక్కడ దానిని వాడటానికి నా మనసు ఒప్పుకోదు.

2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో ఎమ్మెల్యే కోటా ఎమ్మెల్సీ ఎన్నికలు జరిగాయి. తెలుగుదేశం అభ్యర్థి పంచుమర్తి అనురాధ 23 ఓట్లతో గెలిచారు. సొంత పార్టీని కాదని ఎదుటి పార్టీ అభ్యర్థికి ఓటు వేసి, క్రాస్ ఓటింగ్‌కు పాల్పడ్డారంటూ వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ తన ఎమ్మెల్యేలు నలుగురిని సస్పెండ్ చేసింది. ఈ వాక్యంలోని క్రియను గమనించండి. దొంగతనానికి పాల్పడతారు, అవినీతికి పాల్పడతారు. ‘క్రాస్ ఓటింగ్’ కూడా అదే క్రియతో జతకట్టి తిరుగుతోంది. పార్టీ గుర్తు మీద గెలిచిన శాసనసభ్యుడి విషయంలో ఆ నింద పొసగుతుందేమో గానీ, ఎవరికీ మాట ఇవ్వని ఓటరుకు అది ఎలా అంటుతుంది? 2019లో గుంటూరు లోక్‌సభ స్థానాన్ని తెలుగుదేశం 4,205 ఓట్ల ఆధిక్యంతో గెలుచుకుంది. ఆ పరిధిలోని ఏడు అసెంబ్లీ స్థానాలలో ఆ పార్టీకి దక్కింది గుంటూరు పశ్చిమం ఒక్కటే. లోక్‌సభకు తెల్ల బ్యాలెట్ అతికించిన యంత్రం మీద ఒక గుర్తును, అసెంబ్లీకి గులాబీ బ్యాలెట్ యంత్రం మీద మరో గుర్తును నొక్కి వచ్చిన వాళ్లు చేసినది తప్పిదం కాదు, ఎంపిక. ‘ఎంపీ ఓటు అటు వేశాం, ఎమ్మెల్యే ఓటు ఇటు వేశాం’ అని వాళ్లు దాపరికం లేకుండానే చెప్పుకుంటారు.

‘చీలిన టికెట్’ అని మాటకు మాట పెట్టడం ఇంకా పొరపాటు. మన రాజకీయాలలో టికెట్ అంటే పార్టీ ఇచ్చే అభ్యర్థిత్వం. అది దక్కకపోతే రెబల్‌గా నిలబడతారు. అమెరికాలో ఈ మాట పుట్టుక వేరు. 19వ శతాబ్దంలో అక్కడ బ్యాలెట్‌ను ప్రభుత్వం కాక పార్టీలే అచ్చువేసేవి. పై పదవి నుంచి స్థానిక పదవి దాకా తమ అభ్యర్థుల పేర్లన్నీ వరుసగా ఉండే ఆ కాగితమే టికెట్. ఒక పేరు నచ్చని ఓటరు దానిని కొట్టివేసి మరో పేరు రాయాలి, లేదా అచ్చువేసిన చిన్న చీటీని దాని మీద జిగురుతో అంటించాలి. 1888లో మసాచుసెట్స్ చట్టం చేసిన తరువాత, ప్రభుత్వమే అచ్చువేసే రహస్య బ్యాలెట్ మిగిలిన రాష్ట్రాలకూ త్వరగానే పాకింది. కాగితం మారింది, పాత పేరు మాత్రం మిగిలింది. ‘ఓట్ల చీలిక’ అందామంటే అది మూడో అభ్యర్థి వల్ల ఓట్లు పంచుకుపోవడానికి ఎప్పుడో స్థిరపడింది.

నాకు తోచిన మాటల జంట మన సంతలోనే ఉంది. ఏరకుండా, తూచకుండా గంప మొత్తానికి ఒకే బేరం కుదిరితే గంపగుత్త. కావలసినవి ఎంచుకుంటే విడిగా కొనడం. మిషిగన్ వంటి రాష్ట్రాలలో పార్టీ పేరు దగ్గర ఒక్క గుర్తు పెడితే ఆ పార్టీ అభ్యర్థులందరికీ ఓటు పడుతుంది. టెక్సస్ ఈ వెసులుబాటును 2020 ఎన్నికల నుంచి తీసివేసింది. దీనిని గంపగుత్త ఓటు అంటే పిల్లలకు కూడా తెలుస్తుంది. ఒక వర్గమంతా ఒకే పార్టీకి ఓటు వేసిందనడానికి ‘గంపగుత్తగా’ ఇప్పటికే వాడుకలో ఉన్నా, ‘ఓటు’ పక్కన చేర్చినప్పుడు తికమక రాదని నా నమ్మకం. దానికి ఎదురుగా, స్ప్లిట్ టికెట్‌కు ‘విడి ఓటు’ చక్కగా నిలుస్తుంది.

ఇక, ‘కాంగ్రెషనల్ డిస్ట్రిక్ట్’ను ‘కాంగ్రెషనల్ జిల్లా’ అని దయచేసి రాయవద్దు. జిల్లా అనగానే మనకు కలెక్టరు గుర్తుకు వస్తారు. ‘ప్రతినిధుల సభ నియోజకవర్గం’ అంటే సరిపోతుంది.

నియోజకవర్గం ఫలితానికీ ఓటరు చర్యకూ ఒకే మాట వాడకూడదు. నెబ్రాస్కాలో ఒమాహా నగరమున్న రెండో నియోజకవర్గం అధ్యక్ష పదవికి 2020లో డెమొక్రాట్ బైడెన్‌కు, 2024లో అదే పార్టీకి చెందిన హారిస్‌కు ఆధిక్యం ఇచ్చి, రెండుసార్లూ రిపబ్లికన్ డాన్ బేకన్‌నే సభకు పంపింది. పోరు హోరాహోరీగా ఉన్నచోట కొద్ది శాతం మంది విడి ఓటు వేసినా ఇటువంటి ఫలితం వస్తుంది. కనుక ఓటరుది విడి ఓటు, నియోజకవర్గానిది భిన్న తీర్పు అందాం. 1984లో 435 నియోజకవర్గాలలో దాదాపు 190 భిన్న తీర్పు ఇచ్చాయి. 2024లో అటువంటివి 16 మాత్రమే. ఈ వాక్యంలో ‘భిన్న తీర్పు’ స్థానంలో ‘క్రాస్ ఓటింగ్’ పెట్టి చదవండి, నా అభ్యంతరం ఏమిటో తెలుస్తుంది.

ఉత్తరాంధ్రలో గానీ తెలంగాణ పల్లెలలో గానీ ‘విడి ఓటు’ కంటే సహజమైన మాట నోళ్లలో ఉంటే చెప్పండి, నా మాటను ఆనందంగా వదులుకుంటాను.