లైటింగ్ సీన్లకి రిమోట్ ఉన్నాక గోడ స్విచ్ ఎందుకు?

చీకట్లో పిల్లి
హాల్లో ఆరు స్మార్ట్ బల్బులు పెట్టించి మూడు నెలలైంది. జిగ్‌బీ రకం, అంటే వైఫై కాకుండా తమలో తాము ఒక చిన్న రేడియో నెట్‌వర్క్ మీద మాట్లాడుకునేవి. వాటికి నాలుగు బటన్ల వైర్‌లెస్ రిమోట్ ఒకటి. ఒక్కో బటన్‌కి ఒక సీన్, అంటే ఏ బల్బు ఎలా వెలగాలో ముందే కట్టిపెట్టుకున్న అమరిక. మొదటి బటన్ సినిమాకి (టీవీ వెనక బల్బు ఒక్కటే మసగ్గా వెలుగుతుంది), రెండోది చదువుకోడానికి, మూడోది పడుకునే ముందు, నాలుగోది అన్నీ ఆఫ్. ఫోన్ తీసి యాప్ తెరిచే పని లేదు, నాకు భలే నచ్చింది. గొడవంతా గోడ స్విచ్‌తోనే. ఎవరో ఒకరు అలవాటుకొద్దీ దాన్ని ఆపేసి పోతారు, ఇక సోఫాలో కూర్చుని రిమోట్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. ఆ స్విచ్ తీయించేసి, లోపల తీగలు కలిపేయించి, పైన ఖాళీ ప్లేటు బిగిద్దామని నేను. వద్దని మా ఆయన. ఎవరు రైటో చెప్పండి.

తీగల మావయ్య
మీ ఆయనే రైటు, ఏమీ అనుకోకండి. రేపు బల్బు మార్చాలన్నా మెయిన్ బోర్డు దాకా పోయి ఆ లైను మొత్తం ఆపుకోవాలి. బల్బులో ఉన్నది చిన్న కంప్యూటరే, అది ఎప్పుడో ఒకప్పుడు బిగుసుకుపోతుంది, అప్పుడు ఆపి వేయడమే మందు. కొన్ని బల్బులు రీసెట్ అవ్వాలంటే స్విచ్‌ని వరసగా నాలుగైదుసార్లు ఆపి వేయాలి కూడా. స్విచ్ లేకపోతే దేన్ని ఆపి వేస్తారు? ఇంటికి చుట్టాలొస్తే వాళ్ల చేయి ముందు గోడ మీదకే పోతుంది. రిమోట్ ఏ దిండు కింద ఉందో వాళ్లకేం తెలుసు.

నిమ్మళం
మావయ్యా, అసలు ఇబ్బంది చుట్టాలు కాదు. గోడ స్విచ్ ఆపితే పోయేది ఆ బల్బు వెలుగొక్కటే కాదు. జిగ్‌బీలో కరెంటుతో నడిచే ప్రతి బల్బూ పక్క బల్బుకి కబురు మోస్తుంది. హాల్ బల్బులు ఆపేస్తే ఆ చివరి గదిలో రిమోట్ కూడా తడబడొచ్చు, ఎందుకంటే దాని కబురు వీటి మీదుగానే పోతోంది. మా ఇంట్లో అదే జరిగితే రిమోట్ పాడైందనుకుని బ్యాటరీ రెండుసార్లు మార్చాను!

ఇంకోటి. సీన్ ఎక్కడ దాచి ఉందో చూసుకోండి. మంచి సెటప్‌లో ఏ సీన్‌కి తన వెలుగెంత, రంగేంటి అన్నది ఏ బల్బుకి ఆ బల్బే గుర్తుపెట్టుకుంటుంది, రిమోట్ "మూడో సీన్" అని గ్రూపు మొత్తానికి ఒకే కేక వేస్తే అన్నీ ఒక్కసారే మారతాయి. అలా కాకుండా హబ్ (బల్బుల్ని యాప్‌కి కలిపే డబ్బా) ఒక్కో బల్బుకి విడిగా చెబుతుంటే పేలాలు వేగినట్టు ఒకటి తర్వాత ఒకటి టపటపా వెలుగుతాయి. రిమోట్ అంటేనే విసుగు పుట్టినవాళ్లలో చాలామందికి తగిలింది ఈ రెండో రకమే అని నా అనుమానం.

ఒకే బల్బు చాలు
నన్ను తిట్టుకున్నా సరే, సీన్లనేవే ఒక మోజు. నేనూ కూర్చుని పన్నెండు సీన్లు చేశాను, పేర్లు కూడా పెట్టాను. ఇప్పుడు వాడేవి రెండే: పూర్తి వెలుగు, మసక వెలుగు. దానికి గోడకి మామూలు డిమ్మర్, డిమ్ అయ్యే ఎల్‌ఈడీ ఉంటే సరిపోయేది. పైగా ఈ బల్బులు ఆఫ్‌లో ఉన్నా రిమోట్ మాట వినడానికి మేలుకునే ఉంటాయి. ఒక్కోటి అర వాట్ తిన్నా పది బల్బులకి ఏడాదికి దాదాపు 44 యూనిట్లు. వెలగకుండానే!

నిమ్మళం
అర వాట్ అనేది పైలెక్క, చాలా బల్బులు అంతకంటే తక్కువే తీసుకుంటాయి. డిమ్మర్ వెలుగు తగ్గిస్తుంది సరే, రంగు మారుస్తుందా? పొద్దున 6500 కెల్విన్ తెల్లటి వెలుగులో పని చేసుకుని రాత్రి 2700 పసుపుకి దిగడం అలవాటైతే మళ్లీ వెనక్కి పోబుద్ధి కాదు. మీకు రెండు సీన్లు చాలంటే రిమోట్‌లో రెండు బటన్లే వాడండి, ఎవరొద్దన్నారు.

పసిపిల్లల తల్లి
ఒక్క మాట చెప్పి పోతాను. ఈ రిమోట్లలో చాలావాటిలో ఉండేది సీఆర్2032 లాంటి బిళ్ల బ్యాటరీ. పిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. మూతకి స్క్రూ ఉన్న రిమోటే కొనండి, పిల్లలకి అందని ఎత్తులో గోడకి అంటించండి. సోఫా మీద పడేసే వస్తువు కాదిది. బటన్ నొక్కిన ఊపుతోనే కరెంటు పుట్టించుకునే బ్యాటరీ లేని స్విచ్‌లు కూడా ఉన్నాయి, నేను అవే వాడుతున్నాను. నొక్కితే టక్కుమని గట్టిగా చప్పుడవుతుంది, అంతే లోపం.

తీగల మావయ్య
ఇది మాత్రం ఒప్పుకుంటానమ్మా.

పిల్లిగారూ, మధ్యే మార్గం ఒకటుంది. స్విచ్ తీయొద్దు, దాని వెనక డబ్బాలో చిన్న రిలే మాడ్యూల్ (యాప్ చెబితే కరెంటు ఆపి వేసే బుల్లి స్విచ్) పెట్టించండి. స్విచ్‌ని కరెంటు నుంచి విడదీసే మోడ్ ఉన్నదే తీసుకోవాలి. అప్పుడు గోడ మీద నొక్కినా బల్బుకి కరెంటు పోదు, ఆ నొక్కుడు ఒక సందేశంగా మారుతుంది, దానికీ ఒక సీన్ కట్టుకోవచ్చు. బల్బు బిగుసుకుంటే యాప్‌లోంచి రిలేనే ఆపి వేయొచ్చు. ఇలాంటి మాడ్యూళ్లలో చాలావాటికి స్విచ్ డబ్బాలో న్యూట్రల్ తీగ (కరెంటు తిరిగిపోయే తీగ) కావాలి. పాత వైరింగ్‌లో చాలాచోట్ల అది ఉండదు. న్యూట్రల్ అక్కర్లేనివీ దొరుకుతాయి కానీ, అవి బల్బు గుండా కాస్త కరెంటు పారిస్తూ బతుకుతాయి కాబట్టి చిన్న ఎల్‌ఈడీలు మినుకుమనొచ్చు. ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, వీడియో చూసి వేలు పెట్టకండి.

చీకట్లో పిల్లి
న్యూట్రల్ లేదు. ఇప్పుడే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించాను.

నిమ్మళం
అయితే స్విచ్ మీద బిగించే ప్లాస్టిక్ తొడుగు చూడండి. లోపల స్విచ్ ఆన్‌లోనే ఉంటుంది, పైన రిమోట్ అయస్కాంతంతో అతుక్కుంటుంది. చేయి అలవాటుగా గోడ మీదకి పోయినా తగిలేది రిమోటే. అవసరమైతే తొడుగు ఊడదీసి స్విచ్ నొక్కొచ్చు, మావయ్యకీ అభ్యంతరం ఉండదు. అలాగే కరెంటు పోయి వచ్చాక బల్బులు ఎలా ఉండాలన్న సెట్టింగ్ యాప్‌లో ఉంటే "ముందున్నట్టే" అని పెట్టండి. లేకపోతే అర్ధరాత్రి ఆరు బల్బులూ ఒక్కసారిగా భగ్గుమంటాయి.

ఒకే బల్బు చాలు
స్విచ్ మీద తొడుగు, తొడుగు మీద అయస్కాంతం, దాని మీద స్విచ్. సరే.

చీకట్లో పిల్లి
నవ్వండి నవ్వండి. తొడుగు ఆర్డర్ పెట్టేశాను. రిమోట్ గోడకే ఉంటే నేను సోఫాలోంచి లేవాలి కదా అని మా ఆయన ఇప్పుడు కొత్త పాయింట్ లాగారు, అందుకని రెండో రిమోట్ కూడా పెట్టాను. స్క్రూ మూత ఉన్నదే.