విండోస్ మళ్లీ వేస్తుంటే ఎస్ఎస్‌డీ కనిపించడం లేదు

ప్రశ్న: మా చెల్లి ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 మళ్లీ వేద్దామని పెన్‌డ్రైవ్ తయారుచేశాను. ఇంటెల్ 11వ తరం ఐ5, 512 జీబీ ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ (విండోస్, ఫైళ్లు అన్నీ ఉండే డిస్క్). డిస్క్ ఎంచుకునే చోటికి వచ్చేసరికి జాబితా ఖాళీ! లోడ్ డ్రైవర్ నొక్కమంటోంది, నొక్కితే ఏం చూపించాలో అర్థం కావట్లేదు. షాపులో అడిగితే ఎస్ఎస్‌డీ పోయింది, మార్చాలి అన్నారు. నిన్నటిదాకా పాత విండోస్ బాగానే నడిచింది. నిజంగా పోయిందంటారా?

జవాబు: నిన్నటిదాకా నడిచిందంటే దాదాపు పోనట్టే, టెన్షన్ పడకండి. ముందు బయాస్‌లోకి (విండోస్ కంటే ముందే వచ్చే సెట్టింగుల తెర) వెళ్లి ఎస్ఎస్‌డీ పేరు కనిపిస్తోందేమో చూడండి. అక్కడ కూడా లేకపోతేనే అది ఊడిందా, పాడయిందా అని ఆలోచించాలి.

11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లు వీఎండీ ఆన్‌లో ఉండే వస్తున్నాయి. అది ప్రాసెసర్‌లోనే ఉండే కంట్రోలర్. ఎస్ఎస్‌డీ దాని వెనకాల ఉంటుంది. విండోస్ పెన్‌డ్రైవ్‌లో ఆ కంట్రోలర్‌కి తగిన డ్రైవర్, అంటే దాన్ని విండోస్‌తో పనిచేయించే చిన్న సాఫ్ట్‌వేర్, లేకపోతే ఎస్ఎస్‌డీ దాకా చేరుకోలేదు. పాత విండోస్‌లో ఆ డ్రైవర్ కంపెనీ వాళ్లే వేసి పంపారు కాబట్టి నడిచింది.

మీ మోడల్ సపోర్ట్ పేజీలో ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ ఉంటుంది, వేరే కంప్యూటర్‌లో దించుకోండి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. వచ్చేది ఈఎక్స్ఈ ఫైల్, ఇన్‌స్టాలర్‌కి కావాల్సింది దాని లోపల ఉండే ఐఎన్ఎఫ్ ఫైల్ (డ్రైవర్ వివరాలు ఉండేది). ఈఎక్స్ఈని అలాగే పెన్‌డ్రైవ్‌లో పెడితే ఎంత వెతికినా దొరకదు. ఇంటెల్ ఇచ్చే సెటప్ ఫైల్ అయితే కమాండ్ ప్రాంప్ట్‌లో దాని పేరు, స్పేస్, హైఫన్ పెట్టి ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అని కలిపి, మళ్లీ స్పేస్, ఒక ఫోల్డర్ పేరు, అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. వచ్చిన ఫోల్డర్‌ని అదే పెన్‌డ్రైవ్‌లో వేసి, లోడ్ డ్రైవర్‌లో బ్రౌజ్ చేసి, వీఎండీ కంట్రోలర్ 9ఏ0బీ, పక్కన టీజీఎల్ అని ఉన్నది ఎంచుకోండి. 12వ తరం వాళ్లకైతే ఏడీఎల్ అని ఉంటుంది.

మరొకరు: ఇంత తిప్పలెందుకు అన్నా? బయాస్‌లో వీఎండీ ఆఫ్ చేస్తే డిస్క్ వెంటనే కనిపిస్తుంది. కొన్ని ఏసర్ మోడళ్లలో ఆ ఆప్షన్ దాగి ఉంటుంది, మెయిన్ ట్యాబ్‌లో కంట్రోల్ ఎస్ నొక్కితే బయటికొస్తుంది.

జవాబు: కరెక్టే తమ్ముడూ, ఒకే ఎస్ఎస్‌డీ ఉండి అంతా చెరిపేసి వేసుకునేవాళ్లకి అదే సులువు. కానీ పాత విండోస్ ఇంకా కావాలనుకుంటే నేనైతే దాని జోలికి వెళ్లను. వీఎండీ ఆన్‌లో ఉండగా వేసిన విండోస్, దాన్ని ఆఫ్ చేశాక ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అని నీలం తెర చూపించవచ్చు. మళ్లీ ఆన్ చేస్తే మామూలుగా లేస్తుందనుకోండి. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే దాన్ని తెరిచే రికవరీ కీ కూడా అడగవచ్చు. రెయిడ్ (రెండు మూడు డిస్కులు కలిపి ఒకటిగా వాడటం) గానీ ఆప్టేన్ (డిస్క్ వేగం పెంచే ఇంటెల్ మెమరీ) గానీ ఉన్న మెషీన్లలో అస్సలు ముట్టుకోవద్దు.

అడిగినవారు: ఈఎక్స్ఈనే పెట్టి కూర్చున్నాను సార్, అందుకే దొరకలేదు. విప్పి పెట్టగానే ఎస్ఎస్‌డీ వచ్చేసింది, థాంక్స్. ఇప్పుడు అందులో నాలుగు పార్టిషన్లు (డిస్క్‌లో భాగాలు) చూపిస్తోంది. అన్నీ డిలీట్ చేసేయనా? చెల్లి ప్రాజెక్టు ఫైళ్లు డీ డ్రైవ్‌లో ఉన్నాయి.

జవాబు: ఆగండి, దేన్నీ డిలీట్ చేయకండి! ఇన్‌స్టాల్ ఆపేసి పెన్‌డ్రైవ్ తీసేయండి. పాత విండోస్ ఇంకా లేస్తుంటే అందులోంచే ఫైళ్లు బయటి డిస్క్‌కి కాపీ చేయండి. ఈ ఇన్‌స్టాల్ తెరలో సీ, డీ లాంటి డ్రైవ్ అక్షరాలు కనిపించవు, ఏది డీనో సైజుని బట్టి ఊహించాల్సిందే. మీ చెల్లి మైక్రోసాఫ్ట్ ఖాతాలో బిట్‌లాకర్ కీ ఉందేమో కూడా చూసి రాసిపెట్టుకోండి. ఫైళ్లు బయటి డిస్క్‌లో తెరిచి చూసుకున్నాక మళ్లీ వచ్చి డిలీట్ చేయండి.